నా కోసం చేసిన ప్రార్థన

ఈ శుక్రవారం ప్రార్థన కూటం మా ఇంట్లో. డ్యూటీ దిగి వచ్చిన కాళ్ళతోనే వంటింట్లో నిలబడి బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లో మా ఆయన యేసురాజు కుర్చీలు సర్దుతున్నాడు. ఇంటిపనిలో ఆయన వాటా అదే, అదీ వచ్చేవాళ్ళు చూస్తారు గనుక.

చేతులు ఉల్లిపాయల మీద ఉన్నా మనసు మాత్రం మా వార్డు మేనేజర్ హెలెన్ పొద్దున అన్న మాటల దగ్గరే ఉంది. ఇక నుంచి పైపోస్టులకు బయటివాళ్ళను తేకుండా, ఉన్న నర్సులకే శిక్షణ ఇచ్చి పైకి తీసుకురావాలని ఆసుపత్రి నిర్ణయించిందట. మా వార్డు నుంచి ఒకరికే చోటు. "దీనా, నీ పేరే చెప్పాను. సోమవారానికల్లా సరే అను, చాలు" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంగ్లండులో ఈ న్యూకాసిల్ వచ్చిన నాటి నుంచి కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పని నేర్పింది నేను. నరం సూదికి అందక చేతులు వణికిన అమ్మాయి ఇప్పుడు నాకు డ్యూటీల రోటా వేస్తోంది. నేర్పినందుకు నాకు దక్కిందల్లా క్రిస్మస్‌కి ఒక చాక్లెట్ డబ్బా. ఇన్నాళ్ళకు నా పనిని ఒకరు గుర్తించారు. నాకు ఆ చోటు కావాలి. ఇంత గట్టిగా దేన్నీ కోరుకున్న గుర్తు లేదు.

ఇంటికి రాగానే ఆయనతో చెప్పాను. ఏడాదిపాటు వారానికో రోజు లీడ్స్‌లో క్లాసులు, చీకటి పడ్డాక గానీ రానన్నాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. పాపని స్కూలు నుంచి ఎవరు తెస్తారని అడిగాడు. ఆ రోజు ఆయనకు సెలవేగా అంటే, సెలవు ఉన్నది విశ్రాంతికేనన్నాడు. ఉన్న ఉద్యోగంతో తృప్తి పడకపోవడం కూడా సాతాను పెట్టే శోధనేనన్నాడు. చివరికి, "మనం అనుకుంటే సరిపోద్దా? దేవుడి చిత్తం కనుక్కోవద్దూ?" అన్నాడు. ఆ మాట ఎటు దారి తీస్తుందో నాకప్పుడు తట్టలేదు.

కూటంలో పాటలయ్యాక పాస్టరుగారు ప్రార్థన అవసరాలు చెప్పమన్నారు. ఒకరు వీసా అన్నారు, ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు. మా ఆయన లేచాడు. గొంతు నిండా వినయం.

"మా దీనా కోసం ప్రార్థించండయ్యా. హాస్పిటల్లో ఏదో పైపోస్టు ఆశ పెట్టారు. మా కుటుంబాన్ని చెదరగొట్టేదైతే ప్రభువే ఆ తలుపు మూసెయ్యాలి."

అందరూ నా వైపు జాలిగా చూశారు. రోజమ్మ ఆంటీ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. చేరిన రోజు ఏ పోస్టో అదే పోస్టులో రిటైరైన నర్సు ఆవిడ. ఆ చెయ్యి బరువుగా ఉంది. యేసురాజుతోనైతే వాదించగలను. ఇంతమంది మోకరించి దేవుణ్ణి అడుగుతుంటే ఎవరితో వాదించను? సోమవారం నేను సరే అంటే మొగుడి మాట కాదన్నదాన్ని కాను, దేవుడి మాటే కాదన్నదాన్ని అవుతాను. కోపంతో, సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. పాస్టరుగారి స్వరం పెరిగింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. పుట్టినప్పటి నుంచి నోటికి అలవాటైన మాట, ఆపుకోలేకపోయాను.

అందరూ లేచారు. బిర్యానీ వడ్డించమని ఆయన పిలుస్తున్నాడు. నేను కళ్ళు తెరవకుండా, మోకాళ్ళ మీదే ఉండి, నా జన్మలో ఎన్నడూ అడగనిది అడిగాను: ప్రభువా, వీళ్ళు నా కోసం చేసిన ఈ ప్రార్థన వినకు.