లింకు లేని బొమ్మ

పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని లెక్కలాయన అనేవారు. వాతావరణం వేడెక్కడం మీద అక్కడివాళ్ళు రాసిన పత్రాల గురించి ఇంటర్నెట్‌లో ఎంతమంది మాట్లాడుకుంటున్నారో లెక్కగట్టి, ఒక్కో పత్రానికి మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. వార్తలో గానీ, పోస్టులో గానీ పత్రం లింకు కనిపిస్తే చాలు, కంప్యూటర్ మార్కు వేసేస్తుంది. తిట్టారా, మెచ్చుకున్నారా అన్నది దానికి పట్టదు.

ఆ వారం ఆయన మనసు మనసులో లేదు. మార్కులు తక్కువొచ్చిన పని ఈ వేసవికి ముందే ఆపేస్తామని డైరెక్టరు తేల్చి చెప్పాడు. అట్టడుగున ఉన్నది సున్నం మేడం పత్రం. డాబా కింది గదులు రాత్రయినా ఎందుకు చల్లారవో, పైన సున్నం కొడితే ఎంత చల్లబడతాయో ఆవిడ ఒక వేసవంతా కొలిచింది. వానలు తట్టుకుని ఆ పూత పనిచేస్తుందో లేదో తేలాలంటే రెండో వేసవి కూడా కొలవాలి.

"ఏం అన్నయ్యా, మా పిల్ల పాసైందా?" అని తన పత్రం గురించి ఆవిడ గుమ్మం దగ్గర్నుంచే అడిగింది.

"ఇంకా టైముందిగా, చూద్దామమ్మా."

"ఫెయిలన్నమాట. మీ మొహంలోనే రాసుంది. పోనీ నేనే దొంగ పేర్లతో నాలుగు పోస్టులు పెట్టుకోనా?"

"పెట్టుకో. పట్టుకునేదీ నేనే."

ఇద్దరూ నవ్వారు. ఆవిడ వెళ్ళాక ఆయనకి టీ సహించలేదు.

మర్నాడు పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నాడు. జపమాల ఒక చుట్టు తిరిగొచ్చింది. పూసలన్నీ వేళ్ళ మధ్యనుంచి వెళ్ళాయి గానీ మనసు ఆఫీసులోనే ఉండిపోయింది. 'స్వామీ, దీన్ని నువ్వు లెక్కలో వేసుకుంటావా?' అని అడిగాడు. మళ్ళీ మొదటి పూస పట్టుకోబోతుంటే వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు సున్నం పట్రండి. అందులో కలపడానికి జిగురు కూడా."

"సున్నమెందుకే?"

"డాబాకి కొట్టడానికి. మా కుట్టుపని గ్రూపులో అందరూ కొట్టించుకుంటున్నారు. పై గదిలో అమ్మాయికి నిద్రపట్టట్లేదని ఎన్నిసార్లు చెప్పాను? మీ చెవికెక్కితేనా!"

ఫోను తెచ్చి చూపించింది. ఒక దర్జీ ఆవిడ తెల్లటి డాబా మీద చెప్పుల్లేకుండా నడుస్తూ, "చూడండే, కాలట్లేదు!" అంటోంది. దాని కింద ఒక బొమ్మ: సున్నం కొట్టని గది వేడికి పైన ఎర్ర గీత, కొట్టినదానికి కింద నీలం గీత. ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అది సున్నం మేడం పత్రంలోదే! ఎవరో ఫోటో తీసి పెట్టారు. లింకు లేదు, అందుకే మార్కూ లేదు.

"ఇది నీకెవరు పంపారు?"

"మా పిన్ని కూతురు. దానికి వాళ్ళ ఆడపడుచు. ఆవిడకెవరో! ఏం, తప్పా?"

"తప్పు నాదేలే."

ఆ రోజు ఆఫీసులో లెక్కపెట్టడం మానేసి చదవడానికి కూర్చున్నాడు. మొదటి స్థానంలో ఉన్న పత్రం లింకు పెట్టిన పోస్టుల్లో చాలావరకు ఒకే వెక్కిరింపు మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఆ పత్రం మంచిదే పాపం, చదివినవాళ్ళే లేరు. ఎర్ర గీత, నీలం గీతల బొమ్మ మాత్రం గ్రూపు నుంచి గ్రూపుకి పాకిపోయింది. ఏ సున్నం? నీళ్ళెన్ని పొయ్యాలి? వానకి కొట్టుకుపోదా? ఒకరు అడిగితే ఇంకొకరు చెబుతున్నారు. వాన సంగతి దగ్గర మాత్రం అందరూ తెల్లమొహాలే.

అవన్నీ డైరెక్టరు ముందు పెట్టాడు.

"లింకు లేనిది లెక్కలోకి రాదు కదయ్యా. ఆ రూలు పెట్టింది నువ్వేగా?"

"నేనే సార్. మార్కు మార్చమనట్లేదు. ఒక్కసారి చదవండి."

డైరెక్టరు విసుగ్గానే మొదలుపెట్టి, చివరిదాకా చదివాడు.

"ఇంతకీ వానకి నిలుస్తుందా, పోతుందా?"

"రెండో వేసవి కొలిస్తే తెలుస్తుంది సార్."

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"అయితే కొలవమను." గొంతు తగ్గించాడు. "మా అమ్మది పై గదేనయ్యా. ఎన్ని పూతలు వెయ్యాలట?"

"ఆవిణ్ణే పిలుస్తానుండండి సార్!" అంటూ లెక్కలాయన వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

సాయంత్రం సున్నం బస్తా భుజానేసుకుని ఇంటికొచ్చాడు. జిగురు మర్చిపోయాడు.