మేడమెట్లకు తాళం

మా ఆయన నా జడ అల్లడం నేర్చుకుంటూ మూడు పాయల దగ్గరే చిక్కుపడి ఉండగా, వాళ్ళ అక్క ఫోను ఊపుకుంటూ లోపలికి వచ్చింది.

"వోచర్ వచ్చిందిరా తమ్ముడూ! నా కూతురికి మేడబడిలో సీటు!"

నేను సగం జడతోనే లేచి వదినను చుట్టేసుకున్నాను. నడుం విరిగేలా కుట్టుమిషన్ తొక్కే మనిషి మొహం అలా వెలిగితే ఎవరికి ముచ్చటెయ్యదు?

మా ఆయన పాఠాలు చెప్పే ప్రభుత్వ బడి కింద ఉంటుంది. అదే భవనం మేడమీద ప్రైవేటు బడి. అక్కడి ఫీజును ప్రభుత్వమే వోచరుగా కడుతుంది. పిల్లలు పైకి వెళ్ళేకొద్దీ కిందిబడికి రావలసిన డబ్బూ పైకే పోతోంది.

ఆయన దువ్వెన పక్కన పెట్టాడు. "మంచిదే అక్కా. కానీ వాళ్ళకి గదులు చాలట్లేదట. పైనున్న మా లైబ్రరీ ఎల్లుండి నుంచి వాళ్ళ తరగతి గది. రేపు మావైపు మెట్ల గ్రిల్లుకి తాళం వేస్తారు."

"నాకు చెప్పలేదేం?" అని ఆయన్ని అడిగాను.

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

పెళ్ళైన కొత్తలో అందరూ ఊళ్ళు తిరుగుతారు. మేం ఆ లైబ్రరీ అరలకు పసుపు రంగు వేశాం. నా ముక్కుకంటిన రంగు తుడవబోయి ఆయన నా చెంపలకూ పూశాడు. రంగు ఆరకముందే పిల్లలు పుస్తకాల కోసం ఎగబడ్డారు.

"మరి పుస్తకాలో?"

"మూటగట్టి వరండాలో పడెయ్యమన్నాడు మేడబడి మేనేజరు. 'మీ పిల్లలు చదివేది ఎలాగూ లేదుగా' అన్నాడు."

"అయితే తప్పు నాదేనంటావా?" వదిన గొంతు లేచింది. "మూడు తరగతులకి నువ్వొక్కడివి. నా పిల్లని అక్కడే ఉంచాలా?"

"నిన్నేమీ అనట్లేదక్కా."

"తప్పు వాళ్ళది వదినా!" అని అరిచాను. "ఒకరి ముందున్న కంచం లాగి ఇంకొకరికి వడ్డించి, అన్నదానం చేశామని చెప్పుకునేవాళ్ళది!"

"అమ్మో, కొత్త పెళ్ళికూతురికి నోరుందే! తమ్ముడూ, ఇక నీ పని అయినట్టే," అంది వదిన. నవ్వు మాత్రం రాలేదు. ఫోనును కసిగా మంచమ్మీద పడేసింది. "నా పిల్ల పైకే వెళ్తుంది, అందులో మాట లేదు. కానీ నిన్నటిదాకా దాని పక్కన కూర్చున్న పిల్లల మొహాన తలుపెయ్యమని నేనడిగానా? నా పిల్లని అడ్డం పెట్టుకుని దోచుకుంటారా?"

వదినే మళ్ళీ అందుకుంది.

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆ మెట్లమీద కూర్చుందాం. మేడబడి తల్లుల్ని నేను లాక్కొస్తా, అందరూ నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళేగా. కింది పిల్లలకి నువ్వు అక్కడే పాఠం చెప్పు. తాళం వేసేవాణ్ణి మనల్ని దాటి వెయ్యమను, చూస్తా."