సేటు పడి చూసిన బస్తాలు

సంగారెడ్డి గంజ్‌లో బద్రీనాథ్ సేటుకు రెండే ఇష్టాలు. ఒకటి, తన పేరు మైకులో వినడం. రెండు, అందుకోసం చేతినుంచి పైసా జారకుండా చూసుకోవడం. ఈ రెండూ ఒకచోట కుదరవని లోకమంతా అనుకుంటుంది గానీ సేటుకు కుదిరేవి. గుడికి గంట ఇస్తానని పదిమందిలో చాటింపు వేసుకుని, తీరా నాలుక ఊడిన పాత గంట తెచ్చి కట్టించిన మహానుభావుడు ఆయన. అడిగితే, దేవుడికి చెవుడా, అన్నాడు.

అది పటాన్‌చెరు చుట్టూ కార్ఖానాలు మొలుస్తున్న కాలం. సర్కారువాళ్ళు ముందు రోడ్లు వేశారు, కార్ఖానాలు వెనక నింపాదిగా వస్తున్నాయి. ఖాళీ జాగాల మధ్య నల్లగా నున్నగా పడుకున్న ఆ రోడ్లను చూస్తే కుర్రాళ్ళు ఊరుకుంటారా? ఏటా చలికాలంలో ఒక ఆదివారం అక్కడ మోటర్‌సైకిల్ పందేలు పెట్టడం మొదలైంది. దానికి పెద్దతలకాయ సూర్యారావు. కోస్తా నుంచి వచ్చి ఒక పంపుల కార్ఖానాలో ఇంజనీరుగా చేస్తున్నాడు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సంగమ్మ చేను పక్కన ఒక పాడు మలుపు ఉంది. పోయినేడు అక్కడ ఒక కుర్రాడు బండితో సహా జారి చేనిగట్టు రాళ్ళకు కొట్టుకున్నాడు. తొడ ఎముక విరిగి నెలల తరబడి మంచం పట్టాడు. ఇంకొకడికి ఇలా జరిగితే పందేలకు నీళ్ళు వదులుకోవాల్సిందేనని సూర్యారావుకు తెలుసు. అందుకే బియ్యం మిల్లున్న సేటు దుకాణం మెట్లెక్కాడు.

“సేటుగారూ, ఆ గట్టు పొడుగునా ఊక బస్తాలు పేరిస్తే జారినవాడు మెత్తగా పడతాడండీ. మీ మిల్లు వెనక ఊక కొండంత ఉందని విన్నాను. మీరు ఇప్పిస్తే ముఖ్య అతిథి మీరే. మైకులో మీ పేరే మోగుతుంది.”

మైకు అనేసరికి సేటు వెన్నలా కరిగాడు. “ఊకదేముందయ్యా! పిల్లగాండ్ల పానాలకన్న ఎక్కువనా? బస్తాలు నేను పంపిస్త, నువ్వు బేఫికర్‌గ ఉండు” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇటుక బట్టీవాళ్ళు ఊక కోసం వచ్చి కూర్చున్నారు. సేటు ఊక కొండ వంక చూశాడు, బట్టీవాళ్ళ వంక చూశాడు. కొండ మొత్తం వాళ్ళకే పోయింది. తర్వాత బండి తోలే పెంటయ్యను చాటుకు పిలిచాడు.

“బస్తాల్ల మొరం నింపు. మీద రెండు దోసిళ్ళు ఊక పోసి మూతి కుట్టు.”

పెంటయ్య నోరు తెరిచాడు. “మొరమా? మరి ఆ కంకర మీద వచ్చి పడేటోని గతేంది సేటూ?”

“పడమని ఎవడు చెప్పిండురా? బస్తాలు చూసి భయపడి పైలంగ పోతరు. ఇగో, అక్కడ దించేటప్పుడు మూలుగకు. ఊక మోసినట్టే అల్కగ దించు.”

పైన పటారం లోన లొటారం అంటారు. ఇక్కడ పైన ఊక, లోన మొరం. పెంటయ్య పళ్ళు బిగబట్టి ఆ బస్తాలన్నీ దించి మలుపులో గోడలా పేర్చి వచ్చాడు. ఒక్కసారి కూడా మూలగలేదు.

ఆదివారం షామియానా కింద మెత్తటి కుర్చీలో సేటు, పక్కన పట్టుచీరలో ఆయన భార్య లక్ష్మీకాంతం. సేటు మెడలో బంతిపూల దండ. “మన కుర్రాళ్ళ ప్రాణాలకు అడ్డుగోడ కట్టిన దానకర్ణుడు” అని మైకు నాలుగు దిక్కులా అరుస్తోంది. సేటుకు కడుపు నిండిపోయింది. ఆ పూట అన్నం లేకపోయినా గడిచేదే.

బళ్ళు వరసలో నిలబడ్డాయి. కళ్ళకు అద్దాలు, మూతికి రుమాళ్ళు, ఎవరెవరో పోల్చుకునే వీలు లేదు. లక్ష్మీకాంతం మాత్రం చివరనున్న ఎర్ర జావా బండి మీదినుంచి చూపు తిప్పడం లేదు. పెదవులు కదులుతున్నాయి.

“ఎవరికోసం మొక్కుతున్నవే?” అన్నాడు సేటు నవ్వుతూ.

“కోపం చెయ్యకుండ్రి. ఆ ఎర్ర బండి మీదున్నది మన ముకుందు.”

సేటు నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. ముకుంద్ ఒక్కగానొక్క కొడుకు. పల్లెలు తిరిగి పంటలు చూసి రమ్మని తానే ఆ బండి కొనిచ్చాడు.

“నీకు తెలిసి నువ్వెట్ల ఒప్పుకున్నవే?”

“రెండేండ్ల సంది బతిమాలుతున్నడు. నేను సచ్చినా వద్దన్న. ఈయేడు మీరు బస్తాలు పెట్టిస్తున్నరని తెలిసినంక ఒప్పుకున్న. తండ్రి పెట్టించిన బస్తాలుండంగ బిడ్డకేమయితది అనిపించింది.”

తేలు కుట్టిన దొంగ అరవలేడు. సేటు కుర్చీలో అటు కదిలాడు, ఇటు కదిలాడు. సూర్యారావు చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు వర్జ్యం నడుస్తుంది, పందెం ఆపు” అన్నాడు. వర్జ్యం పెళ్ళిళ్ళకండీ, పెట్రోలు బళ్ళకు కాదు, అని సూర్యారావు నవ్వేశాడు. సేటు కడుపులో నొప్పన్నాడు. సోడా తెప్పించారు. మలుపు వైపు చూస్తే ఆ బస్తాల గోడ ఎండలో దిట్టంగా, తన పేరులాగే నిలబడి ఉంది. కొడుకు తల వెళ్ళి దానికి కొట్టుకున్నట్టు సేటు కళ్ళముందు మెదిలింది. పరువు పోతే గంజ్‌లో తలెత్తుకోలేడు. పోకపోతే, కొడుకు.

“ఇప్పుడు సేటుగారు రెండు ముక్కలు మాట్లాడి జెండా ఊపుతారు” అని సూర్యారావు మైకు తెచ్చి నోటి ముందు పెట్టాడు.

జీవితంలో మొదటిసారి మైకును చూసి బద్రీనాథ్ సేటుకు ఏడుపొచ్చింది.

“అయ్యా,” అన్నాడు. మళ్ళీ అన్నాడు. “అయ్యా, ఎవ్వరు బండి చాలు చెయ్యకుండ్రి. ఆ బస్తాల్ల ఊక లేదు. మొరమున్నది. ఊక నేను అమ్ముకున్న. నేనే నింపిచ్చిన.”

మైకు ఆ మాటను కూడా నాలుగు దిక్కులా అరిచింది. దానికి మంచీ చెడ్డా తెలియదు కదా. లక్ష్మీకాంతం మొగుడి ముఖంలోకి చూసిన చూపును ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. అంతలో వెనకనుంచి పెంటయ్య గట్టిగా అందుకున్నాడు.

“నేను మాత్రం మూలుగలే సేటూ!”

ఎవరు ముందు నవ్వారో గానీ, షామియానా గుంజలు ఊగేలా నవ్వారు. తిట్టిన వాళ్ళూ ఉన్నారు. పోయినేడు తొడ విరిగిన కుర్రాడి తమ్ముడు కొట్టడానికే వచ్చాడు. సూర్యారావు అడ్డుపడి, ఈ యేటికి పందెం లేదు, ఇళ్ళకు పొండి, అనబోతుండగా మలుపు దగ్గరి చేనావిడ సంగమ్మ చెంగు బిగించి ముందుకొచ్చింది.

“పోయినేడు పిల్లగాడు మొత్తుకున్నది నా గట్టుకాడనే. ఆ సప్పుడు ఇంకా నా చెవులల్ల ఉన్నది. నా వాము నిండ గడ్డి ఉన్నది, మోసుకపోండ్రి. పందెమైనంక మాత్రం మళ్ళ వాములనే పెట్టాలె, లేకుంటె నా బర్రెలు పస్తుంటయి.”

ఇక చూడాలి సందడి. మొరం బస్తాలు లాగిపారేశారు. లాగినవాళ్ళంతా నోరారా మూలిగారు. గడ్డి మోపులు చీమల బారులా నడిచాయి. ధోవతి ఎగ్గట్టి, దండ మెడలోనే ఉంచుకుని, సేటు కూడా మోపు నెత్తికెత్తుకున్నాడు. అలవాటు లేని మెడ వంగిపోతున్నా దించలేదు.

మలుపు నిండింది. సూర్యారావు గడ్డి వంక అనుమానంగా చూశాడు. ఒకసారి పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు. “కింద రాయీ రప్పా లేవని ఎవరు చెప్పాలండీ?” అన్నాడు.

సేటు గడ్డికి వీపు పెట్టి నిలబడి, దేవుణ్ణి తలుచుకుని, ఆ నిండు శరీరంతో వెల్లకిలా పడిపోయాడు. గడ్డిలో మునిగి, కాళ్ళు మాత్రం బయట కనిపించాయి. పెంటయ్య లాగి నిలబెట్టాడు. సేటు నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ పడ్డాడు. అట్లా మలుపు ఈ కొసనుంచి ఆ కొసదాకా పడుతూ లేస్తూ పోయాడు. మొదట్లో నవ్విన జనం చివరికి వచ్చేసరికి నవ్వడం మానేశారు.

పందెం సాగింది. రెండో చుట్టులో ఎర్ర జావా మలుపు దగ్గర వాలింది, మరీ వాలింది, జారింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. ముకుంద్ గాలిలో లేచి వెళ్ళి గడ్డిలో మాయమయ్యాడు. సేటుకు పరుగెత్తింది గుర్తు లేదు. వెళ్ళేసరికి గడ్డి కదిలింది. తలనిండా గడ్డిపరకలతో ముకుంద్ లేచి కూర్చుని, కళ్ళద్దాలు తీసి తండ్రిని చూశాడు.

“మెత్తగున్నది నాయినా,” అన్నాడు.

సేటు కొడుకును పొట్టకు అదుముకుని, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎర్ర జావా ఆ ఏడు ఆఖరున కూడా రాలేదు. అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో పాయసం వండారు.

ఆ తర్వాత ఏటేటా బస్తాలు సేటు మిల్లునుంచే వచ్చాయి, మూతిదాకా ఊకతో. అయినా సేటు వాటిమీద పడి చూడనిదే కుర్రాళ్ళు బండి స్టార్టు చేసేవాళ్ళు కాదు. “సేటు పడ్డడా?” అనేది అక్కడ ఊతపదమైపోయింది. మైకులో ఇప్పుడు దానకర్ణుడనే మాట వినిపించదు. “సేటు పడుతున్నారు, చూడండి” అంటారంతే. సేటుకు ఆ మాటే చెవికి ఇంపుగా ఉంది.

పందెం పొద్దున జావా తాళం లక్ష్మీకాంతం కొంగున ముడివేసుకుంటుంది. ముకుంద్ ఎంత బతిమాలినా ముడి విప్పదు. ఒంటినిండా ఊకతో, నడుము పట్టుకుని, తుమ్ముతూ మొగుడు వచ్చేదాకా కుర్చీలోంచి కదలదు.

“అన్నిటి మీద పడ్డరా?”

“అన్నిటి మీద పడ్డనే.”

ఆమె ఆయన వీపు మీది ఊక చేత్తో దులిపి చూసి, కొంగు ముడి విప్పుతుంది.