తొంభైతొమ్మిదికి కాగితపు తెర

మెల్‌బోర్న్‌లో తన్నిన బంతిని గాల్లోకెగిరి చేత్తో పట్టే తమ ఫుట్‌బాల్‌లో, ఆదివారం ఆటకి జట్టు పేర్లు గురువారం సాయంత్రం గానీ బయటికి రావు. వందో ఆట ఆడేవాడు చింపుకుంటూ మైదానంలోకి దూకడానికి కట్టే కాగితపు తెర మాత్రం మంగళవారమే మొదలెట్టకపోతే సమయానికి ఆరదు. అందుకే మెర్లమ్మ తొందరపడింది. ముప్ఫై ఏళ్లుగా క్లబ్బుకి తెరలు అతికిస్తున్న మనిషి. తొంభైతొమ్మిది ఆడిన రోరీ ట్రెంబాత్ వందోది ఆడకపోతాడా అనుకుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రెండు నిలువుల ఎత్తున పచ్చకాగితం పరిచి దానిమీద తెల్లగా పెద్ద వంద అతికించేసింది.

గురువారం మధ్యాహ్నం కోచ్ మెక్విలియం రోరీని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ముప్ఫైమూడేళ్లొచ్చాయి నీకు. నీ మోకాలి కంటే నా మోకాలే నయం. ఇవాళ విలేఖర్ల ముందు కూచుని, రిటైరవుతున్నానని చెప్పు. ఆదివారం నీ వందో ఆట నీకిస్తా."

"చెప్పకపోతే?"

"రిజర్వ్ జట్టుకి పో. మళ్లీ పిలుస్తానని మాత్రం ఆశపెట్టుకోకు."

వంద ఆటలు నిండితే లాకరు తలుపు మీద బంగారు రంగుతో పేరు రాస్తారు. ఇరవైయేడో నంబరు లాకరు మీద అప్పటికే ఇద్దరి పేర్లున్నాయి. వాటి కింద ఖాళీని చూస్తూనే రోరీ పదకొండేళ్లు బట్టలు మార్చుకున్నాడు. రెండుసార్లు మోకాలు కోయించుకున్నదీ ఆ చోటు కోసమే. సరేనని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

అప్పుడే జట్టులో పాత స్నేహితుడు గావిన్ గుర్తొచ్చాడు. నిరుడు గావిన్ ఇలాగే ఒప్పుకున్నాడు. చివరి ఆటలో జట్టువాళ్లు జాలిపడి బంతి చేతికందిస్తే ఒక గోలు కొట్టాడు. చంటిపిల్లాడు తనంతట తాను అన్నం తింటే కొట్టినట్టు జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు రోరీకి స్నేహితుడి మొహం చూడబుద్ధి కాలేదు.

"తీసేస్తే తీసేయండి కోచ్. నేనే మానేశానని నా నోటితో చెప్పించకండి. నా పని అయిపోలేదు."

"మొండికేస్తే లాకరు మీదికెక్కకుండా పోయేది నీ పేరేరా."

"పోనీండి. దానమిచ్చిన ఆట నాకొద్దు."

తర్వాత ఐదు గురువారాలొచ్చాయి. ఐదుసార్లూ జాబితాలో రోరీ లేడు. శనివారాల్లో వందమంది కూడా చూడని, వంద లెక్కలోకి రాని రిజర్వ్ ఆటల్లో గోలు ముందు కాపలా కాశాడు. "తాతా, చేతికర్ర తెచ్చుకున్నావా?" అని అవతలి కుర్రాళ్లు వెక్కిరిస్తే, "తెచ్చా, నీ వీపుకే" అనేవాడు. అలా అన్నవాడికి ఆ రోజు గోలు దక్కేది కాదు. కోచ్‌కి ఇవన్నీ తెలుసు. అయినా కదల్లేదు.

సీజన్లో ఆఖరి శనివారం మెర్లమ్మ కారు మీద తెర కట్టుకుని రిజర్వ్ మైదానానికే వచ్చేసింది. రిజర్వ్ ఆటకి తెర కట్టడం ఎవరూ ఎరగరు.

"ఒరేయ్, ఇది ఐదు వారాల్నించీ నా మంచం కింద పడుంది. నువ్వు చింపుకుంటూ పోతే గానీ నాకు నిద్రపట్టదు. ఎవడడ్డొస్తాడో చూస్తా!"

రోరీ ఆ వంద వంక చాలాసేపు చూశాడు.

"అది నా అంకె కాదు మెర్లమ్మా. దాన్ని చింపితే కోచ్ ఇస్తానన్నది పుచ్చుకున్నట్టే."

"తొంభైతొమ్మిదికి తెరేవిట్రా? మన లీగులో ఎక్కడన్నా విన్నావా?"

"లేదు. కత్తెర తెచ్చావా?"

మెర్లమ్మ వాడి మొహంలోకి చూసింది. తర్వాత సంచిలోంచి కత్తెరా జిగురూ తీసింది. ఒకటిని పీకి రెండు ముక్కలు చేసి, రెండు సున్నాలకీ చెరో తోక అతికించింది.

కంచె పక్కన మాంసం కూరిన రొట్టె తింటున్న మెక్విలియం నమలడం ఆపాడు. "ఇదేం తమాషా?"

"మా వాడి ఆటలు," అంది మెర్లమ్మ తెర గుంజ పట్టుకుని. "ఒక్కటీ ఒకరు పెట్టింది కాదు."

రోరీ భుజం ముందుకు పెట్టి పరిగెత్తాడు. తొంభైతొమ్మిది ఫెళ్లున చిరిగింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మెడకి అంటుకున్న పచ్చకాగితం ముక్కతోనే వెళ్లి తన చోట నిలబడ్డాడు.

పక్కనున్న అవతలి జట్టు కుర్రాడు నవ్వాడు. "ఏం తాతా, ఇంకొక్కటీ ఎక్కడ పోయింది?"

"వంగి పుచ్చుకుంటే ఇస్తామన్నారు. వంగలేదు."

బంతి గాల్లోకి లేచింది. కుర్రాడు ఎగిరేలోపే రోరీ వాడి భుజం మీదుగా లేచి, రెండు చేతులా పట్టుకున్నాడు.