ఎవరికైనా తట్టేదే

పునాది పక్కన పూడ్చిన గొట్టాన్ని బలరామయ్య మోకాళ్ల మీద వంగి పైకి లాగాడు. గొట్టం నిండా చిల్లులు. లోపల గుడియాత్తం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పారేసిన చెక్కపేళ్లు, వాటి మీద తెల్లగా కదిలే చెదపురుగులు. వాటిని చెదరగొట్టకుండా సగం పేళ్లు తీసి, మందు పట్టించినవి ఎరగా దూర్చాడు. ఇక ఆ మందును పుట్టలోకి అవే మోసుకుపోతాయి.

ఇరవై ఆరేళ్లు వేలూరు ఇళ్ల చుట్టూ కాలువలు తవ్వి మందు పోశాడు. గోళ్లు పచ్చబడి సగానికి అరిగిపోయాయి. నాలుగు మెట్లెక్కితే రొమ్ము పట్టేస్తుంది. ఆ పోత తప్పించడానికే ఈ గొట్టం కనిపెట్టాడు. తొంభై నాలుగులో మద్రాసులో పేటెంటుకు దరఖాస్తు పెడితే, పెద్ద పురుగుమందుల కంపెనీ ఒకటి అడ్డుపడింది. నాలుగేళ్లు వాయిదాలు. ఈ ఉదయం పేటెంటు ఆఫీసు తీర్పు వచ్చిందని కబురు.

చేతులు కడుక్కుని వకీలు బాలచంద్రన్ గదికి బయలుదేరాడు. మేడ మెట్ల మీద రెండుసార్లు ఆగాడు.

"కొట్టేసినారు బలరామయ్యా," అన్నాడు వకీలు. "ఎర పాతదే, గొట్టం పాతదే. రెండూ కలిపేది ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే అంటా ఉండారు."

"ఈ పని తెలిసినోడు నాకన్నా యెవరుండారు సార్? నాకు తట్టేదానికే ఇరవై ఏండ్లు పట్టింది గదా!"

వకీలు బల్ల మీది తీర్పు కాగితం తిప్పాడు.

"అంత సుళువైతే ఆ కంపెనీవోళ్లు ముందే ఎందుకు చెయ్యలా? అడిగినారా?"

"అడిగినా. వినలా. ఇంక హైకోర్టుకు పోవాల."

"అంతలోపల వాళ్లు చేసి అమ్ముకుంటే?"

"ఎవరైనా చేసుకోవచ్చు."

బలరామయ్య కుర్చీలోంచి లేచాడు. "నా పేరు యాడా ఉండదా సార్?"

"ఈ కాగితంలో ఉండాది." వకీలు చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలు. బలరామయ్య అరిగిన గోటితో ఆ వరుసను ఒకసారి తడిమాడు. కాగితం తీసుకోకుండానే మెట్లు దిగాడు.

ఇంటికి పోయే గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రోజూ చూసే కండక్టరు చిన్నమణి ఏదో పలకరించాడు. బలరామయ్య తలూపి కమ్మీకి నుదురు ఆన్చాడు. పళ్లికొండ దాటాక ఊపిరి ఒకటి సగంలో ఆగింది. పక్కనున్నావిడ నిద్రపోయాడనుకుని తన సంచీని కాస్త జరుపుకుంది.

గుడియాత్తంలో అందరూ దిగారు.

"అప్పా, ఊరొచ్చినాది. లెయ్యి," అని చిన్నమణి భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. ఆ తర్వాత డ్రైవర్ని కేకేశాడు.

నలుగురు పట్టి దించారు. బలరామయ్య భార్య, బీడీలు చుట్టే పచ్చయమ్మకు కబురు పోయింది. మరుసటి ఉదయం తొలి ట్రిప్పుకు బస్సు వేలూరు బయలుదేరినప్పుడు ఆ కిటికీ సీటు కింద ఒక చెప్పు ఉంది. మడమ అరిగి, తెగిన వారుకు రాగితీగ చుట్టిన ఎడమకాలి చెప్పు, ప్రతి మలుపులోనూ కొంచెం కొంచెంగా జరుగుతూ.