పీపా నీళ్లు

భూమవ్వ కళ్లలో సున్నం పడింది. ఆమె పెట్టిన కేకకు తట్టలు మోసే ఆడవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. లింగవ్వ తట్ట పారేసి, ముంత పట్టుకొని నీళ్ల పీపా దగ్గరికి ఉరికింది.

మేస్త్రీ పర్శరాములు అడ్డంపడ్డాడు. "ఆగు! గీ నీళ్లు సున్నానికి. దొరకు తెలిస్తె నా తోలు తీస్తడు."

"మనిషి కండ్లు పోతున్నయ్ రా!"

"కొంగుతోని తుడువుండ్రి."

లక్సెట్టిపేట నుంచి గోదావరి వైపు పోయే ఆ తోవంతా నల్లరేగడి. వానకు ఉబ్బి బండిచక్రాలను మింగుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. సున్నం కలిపి, నీళ్లు చల్లి, రోలరు తొక్కిస్తే గట్టిపడుతుందని సర్కారు చెప్పింది. గట్టిపడుతుంది, నిజమే. కలిపే కాళ్లే పుండ్లవుతాయి. కూలీల కోసం వచ్చిన రబ్బరు బూట్లు గుత్తేదారు నర్సింగరావు దొర గడీలో కాపలా జవాన్ల కాళ్లకెక్కాయి. వెట్టి మీద తిరగబడ్డ సంగపోళ్లకు భయపడి ముసుగేసుకొని పట్నం పారిపోయిన దొర, పోలీసు చర్య తర్వాత ఖద్దరు టోపీతో తిరిగొచ్చాడు. వెట్టికి ఇప్పుడు ప్రజాసేవ అని పేరు పెట్టుకున్నాడు.

లింగవ్వ మేస్త్రీని భుజంతో నెట్టేసింది. ముంత మీద ముంత భూమవ్వ కళ్లలో పోసింది. మిగతావాళ్లూ వచ్చి మండే కాళ్ల మీద నీళ్లు గుమ్మరించుకున్నారు. రోలరు డ్రైవర్ సత్తార్ ఇంజను ఆపి దిగాడు.

అంతలో దొర జీపు వచ్చింది.

"నీళ్లన్ని ఒలకబోసి పండుగ జేస్తున్నరానే? మంత్రిగారు వచ్చెటాల్లకు రోడ్డు గావాలె. ఒక్కదాని కండ్లకు గింత లొల్లా?"

చిన్నప్పటి నుంచి ఈ మనిషి కనబడితే లింగవ్వ తల వంచుకొని నిలబడేది. ఇవాళ తలెత్తి చూసింది. మెడ మీద పౌడరు చెమటకు చారలు కట్టిన పొట్టి ముసలివాడు. ఇన్నేళ్లూ వణికింది వీడికా అని ఆమెకు రోత పుట్టింది.

"భూమవ్వను నీ జీపుల మంచిర్యాల దవాఖానకు తోలు. అందరికి బూట్లియ్యి. అప్పటిదాక తట్ట లేవది."

"కూలిది నా సీట్ల కూసుంటదా?"

"పని పోతె పొయ్యెట్ల మండుతది లింగక్కా?" రామవ్వ భయంగా గొణిగింది.

"రేపు నీ కండ్లు పోతె ఆ పొయ్యి నీకు కనబడుతదా రామక్కా?" అన్నాడు సత్తార్.

రామవ్వ తట్ట కింద పెట్టింది. తర్వాత తనే పోయి జీపు ముందు కూర్చుంది. ఆమెను చూసి అందరూ జీపు చుట్టూ కూర్చున్నారు. దొర హారన్ మోగించాడు, బూతులు తిట్టాడు. ఎవరూ కదలలేదు. ఎండకు తాళలేక చివరికి తనే దిగాడు. పంచె ఎత్తిపట్టుకొని, తను వేయిస్తున్న రోడ్డు బురదలోనే జారుకుంటూ నడిచాడు. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. భూమవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి, సత్తార్‌ను తోలమని జీపును దవాఖానకు పంపించారు. ఒక కన్ను పోయింది, ఒకటి దక్కింది.

సత్తార్ తిరిగి రాగానే, పొద్దుగూకకముందే పోలీసులొచ్చి లింగవ్వను, సత్తార్‌ను పట్టుకుపోయారు. తెల్లారి దొర సుల్తానాబాద్ నుంచి లారీలో కొత్త కూలీలను దింపాడు. రామవ్వ ఎదురెళ్లి, చీర కుచ్చిళ్లు ఎత్తి, సున్నానికి పుండ్లుపడ్డ తన కాళ్లు చూపించింది. వాళ్లు తట్టలు బోర్లించారు. అందరూ కలిసి ఠాణాకు నడిచారు.

లాకప్పులో ఉన్న లింగవ్వకు బయట జమేదారు అరుపు వినబడింది. "ఎవలే మీ లీడరు? ముందుకు రాండ్రి!"

వెంటనే రామవ్వ గొంతు. నిన్న గొణిగిన గొంతే.

"నీ లాకప్పుల జాగ ఎంతున్నదో జెప్పు జమేదారు. మేమంత వస్తున్నం."