పెన్‌డ్రైవ్‌లో లేని పెళ్లి

గల్ఫ్‌లో సులై అనే చోట ఉన్న ఆ కార్మికుల క్యాంపు గదికి శుక్రవారం మధ్యాహ్నం ఒకటే కార్యక్రమం. మెస్సులో పప్పూ అన్నం తినొచ్చి, టీవీకి బుచ్చన్న పెన్‌డ్రైవ్ పెట్టి, చూసిన సినిమానే మళ్లీ చూడటం. ఎనిమిదేళ్లుగా అదే సినిమా. ఎవరు ఎక్కడ ఏడుస్తారో అందరికీ తెలుసు. సదానందం అయితే విలన్ నోరు తెరవకముందే వాడి మాటలన్నీ అప్పజెప్పేస్తాడు. కొత్తది పెడదామని ఎవడైనా అన్నాడో, వాడి మీద గయ్యిన లేస్తారు. వారమంతా ఎండలో ఎవరెవరి చేతో మాటలు పడి వచ్చినవాళ్లకి, తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసి ఉండటంలోని సుఖం అంతా ఇంతా కాదు.

ఒక్కటే చిక్కు. బతా బజారులో ఎవడో మొబైల్ షాపువాడు ఎక్కించిచ్చిన ఆ సినిమా సరిగ్గా చివర్లో ఆగిపోతుంది. అవతల హీరోయిన్‌కి విలన్ కొడుకుతో పెళ్లి. ఇవతల ఊరినుంచి వెళ్లగొట్టిన హీరో రైలు దిగుతూ ఒక కాలు ముందుకు చాపుతాడు. అంతే, బొమ్మ బిగుసుకుపోతుంది. ఎనిమిదేళ్లయినా ఆ కాలు నేల తాకలేదు.

అక్కడినుంచి కథ బుచ్చన్నది. ఆ సినిమాని కోరుట్ల టాకీసులో చూసినవాడు గదిలో అతనొక్కడే మరి. టీవీ పక్కన నిలబడి, హీరో పందిట్లోకి ఎట్లా దూకాడో, విలన్‌ని గుంజకి ఎట్లా కట్టేశాడో చెప్పి, పెళ్లి చేసేస్తాడు. భోజనాల దగ్గర మాత్రం కాస్త సొంత కవిత్వం కలుపుతాడు. గదినుంచి ఎగ్జిట్ వీసా మీద ఇక తిరిగి రాకుండా ఇంటికి వెళ్లిపోయిన వాళ్లందరికీ ఆ పెళ్లిలో తలా ఒక పని ఉంటుంది. చెంచయ్య మటన్ వడ్డిస్తాడు. జిలానీ పెళ్లికూతురి కారు తోలుతాడు.

ఈసారి వంతు సదానందానిది. ఆదివారం ఫ్లైటు. ఏసీ పనిలో పద్దెనిమిదేళ్లు నిచ్చెనల మీద నిలబడి నడుం పోగొట్టుకున్న మనిషి. రెండు వారాలుగా బుచ్చన్న చెవిలో జోరీగలా అదే మాట.

"నాకు వడ్డించుడు గిట్ల పెట్టకే. కుర్సీల కూసునే పని జూడు."

ఆ శుక్రవారం సరిగ్గా బొమ్మ ఆగగానే, కడపనుంచి కొత్తగా వచ్చిన డ్రైవర్ దిలావర్ అందరికీ మేలు చేద్దామని నోరు తెరిచాడు.

"ఫుల్ సినిమా యూట్యూబులో ఉండాది కదన్నా! ఉండండి, పెడతా."

బుచ్చన్న గబుక్కున ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకంటే ఆ రోజు కోరుట్లలో సరిగ్గా ఆ రైలు దగ్గరే అతనికి కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి హాలు ఊడుస్తున్నారు. ఎనిమిదేళ్లుగా చేస్తున్న పెళ్లి మొత్తం అతని సొంత పెత్తనమే. ఈ దేశంలో అతని మాటని నలుగురు చెవులప్పగించి వినేది వారానికి ఆ పావుగంటే. అదీ పోతుందని భయపడిపోయాడు.

"వద్దు తమ్మీ, నెట్టు అయిపోతది."

"వైఫై ఉండాదన్నా," అన్నాడు ఆ పుణ్యాత్ముడు. ఫోను అందరి మధ్యా పెట్టాడు.

హీరో కాలు నేల తాకింది. దిగాడు. పందిరి చేరేసరికి తాళి కట్టేశారు. రెండు అక్షింతలు వేసి, కళ్లు తుడుచుకుని, వచ్చిన రైలే ఎక్కి వెళ్లిపోయాడు. శుభం.

అందరూ బుచ్చన్న వైపు తిరిగారు.

"నేను నిద్రవోయిన," అన్నాడు బుచ్చన్న తల దించుకుని. "గా రోజు ఆఖరు చూడలే. మీకు చెప్పిందంత అబద్దం."

సదానందం ఆ మాట చెవిన వేసుకుంటేగా! నడుం సంగతి మరిచిపోయి మంచం మీదనుంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఈ సినిమాల చెంచయ్య ఏడి? జిలానీ ఏడి? మటన్ లేని లగ్గమేంది? తీసెయ్ గా దొంగ సినిమా!"

"తప్పుది పెట్టినానేమోన్నా," అంటూ దిలావర్ బిత్తరపోయి ఫోను జేబులో దాచేశాడు. టీవీలో హీరో ఇంకా అలాగే కాలు చాపి ఉన్నాడు.

"చెప్పవేందే?" సదానందం బుచ్చన్న భుజం పట్టి ఊపాడు. "ఐతారం పోతున్న. నాకు జాగ లేదా?"

బుచ్చన్న లేచి టీవీ పక్కకి వెళ్లాడు. ఈసారి పందిట్లోనుంచి మొదలుపెట్టలేదు.

"రైలు దిగుతడు. ఇన్నేండ్లకు ఊరికచ్చిండు, తనకోసం ఎవలన్న అచ్చిన్రా అని చూస్తడు. ఒక్కడే ఉన్నడు. మన సదానందం. పొద్దటిసంది స్టేషన్ల నిలబడ్డడు. ఎదురువోయి పెట్టె అందుకుంటడు."

సదానందం ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాల్లోనుంచే అన్నాడు:

"మళ్ల నిలబడే పనే ఇచ్చినవ్ గదనే."